హైదరాబాదుకు మారుతున్నారా? కొండాపూర్, మియాపూర్, నాగోలు: ఏది మేలు?

"హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?" అని విజయవాడ నుంచో కాకినాడ నుంచో ఎవరు ఫోన్ చేసినా నేను ముందు రెండే అడుగుతాను. ఆఫీసు సరిగ్గా ఎక్కడ? పగలంతా ఆ ఇంట్లో, ఆ కాలనీలో గడిపేది ఎవరు? మొదటిదానికి జవాబు వెంటనే వస్తుంది. రెండోదాని గురించి చాలామంది ఆలోచించి ఉండరు. భర్త ఆఫీసుకు దగ్గరగా ఉంటే సరిపోతుందనుకుంటారు. భార్య అక్కడి ఉద్యోగం మానేసి వస్తుంది, ఇక్కడ మళ్ళీ వెతుక్కోవాలి. అత్తగారినో నాన్నగారినో మూడు నెలలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉంటుంది. వీళ్ళందరి రోజూ ఎలా గడుస్తుందో ఆ ఇంటి అడ్రసే తేలుస్తుంది. అందుకని ఊరికి పడమట ఉన్న కొండాపూర్, మియాపూర్, తూర్పున ఉన్న నాగోలు, ఈ మూడు చోట్లనూ వీళ్ళ వైపు నుంచి కూడా తూచి చెబుతున్నాను.

ముందు ఉద్యోగం సంగతి

ఆఫర్ లెటర్లో "హైదరాబాద్" అని ఉంటే అది ఎక్కడైనా కావచ్చు. నానక్‌రామ్‌గూడలోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మాదాపూర్–రాయదుర్గం వైపు హైటెక్ సిటీ అందరికీ తెలిసినవే. ఇన్ఫోసిస్‌కు ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద పోచారంలో కూడా పెద్ద క్యాంపస్ ఉంది. టీకాలు, మందుల కంపెనీలు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్నాయి. ఫ్యాక్టరీ ఉద్యోగాలు పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్లలో. మియాపూర్‌లో ఇల్లు తీసుకున్నాక పోస్టింగు పోచారం అని తెలిస్తే రోజూ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఏ క్యాంపసో, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలో హెచ్ఆర్‌ను అడిగి మెయిల్లో రాయించుకున్నాకే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి.

రెండు ఆఫర్లు చేతిలో ఉంటే ప్యాకేజీ అంకె చూసి తేల్చకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, ఎప్పుడో ఏళ్ళ తరవాత వచ్చే గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ అన్నీ కలిసే ఉంటాయి. అవి తీసేసి నెలకు చేతికొచ్చేది ఎంతో రాసుకోండి. ఆ చోట ఉంటే కట్టాల్సిన అద్దె అందులోంచి కొట్టేయండి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగంలో చేతికి 85 వేలు, పోచారం ఉద్యోగంలో 75 వేలు అనుకుందాం. కొండాపూర్‌కూ ఉప్పల్‌కూ అద్దెలో తేడా 12 వేలైతే ఆ పది వేల ఆధిక్యం అక్కడే కరిగిపోయింది. పోచారం వైపు వాదనలో ఒక లోటు మాత్రం ఉంది. కంపెనీల్లో ఎక్కువ భాగం పడమటి వైపే ఉన్నాయి. రెండేళ్ళకు ఉద్యోగం మారితే మళ్ళీ అటే వెళ్ళాల్సి రావచ్చు. పిల్లల్ని తూర్పున బడిలో వేశాక అది చిన్న ఇబ్బంది కాదు.

మ్యాపు చెప్పని దూరం

పడమటి వైపు ఆఫీసైతే నాగోలు అన్న మాట ఎవరూ పూర్తిగా వినరు. "అమ్మో, అంత దూరమా!" అంటారు. మెట్రో ఎలా తిరుగుతుందో చూస్తే ఆ మాట అంత తొందరగా అనలేం.

నీలి లైను నాగోలు నుంచి రాయదుర్గం దాకా నేరుగా వెళ్తుంది. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట, మాదాపూర్ మీదుగా ఎక్కడా మారకుండా దిగొచ్చు. నాగోలు మొదటి స్టేషను కాబట్టి పొద్దున సీటు కూడా దొరుకుతుంది. మియాపూర్ ఎర్ర లైను మీద ఉంది. మ్యాపులో హైటెక్ సిటీకి అది చాలా దగ్గర, కానీ మెట్రోలో వెళ్ళాలంటే ముందు అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ లైను మారి, మళ్ళీ పడమటికి తిరిగి వెళ్ళాలి. అందుకే మియాపూర్, కూకట్‌పల్లి వాళ్ళలో చాలామంది హైటెక్ సిటీకి మెట్రో ఎక్కరు. బండి మీదో, బస్సులోనో, జేఎన్‌టీయూ దగ్గర నుంచి షేర్ ఆటోలోనో పోతారు. వాన పడిన సాయంత్రం ఆ రోడ్డు ఎలా ఉంటుందో అక్కడి వాళ్ళను అడగండి.

ఈ లెక్క రాయదుర్గం దాకానే చెల్లుతుంది. అక్కడితో మెట్రో అయిపోతుంది. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే అక్కడి నుంచి మళ్ళీ రోడ్డే. కాబట్టి రాయదుర్గం దగ్గరి మైండ్‌స్పేస్ ఐటీ పార్కు చుట్టుపక్కల పనిచేసే వాళ్ళకు నాగోలు మంచి ఎంపిక అని ధైర్యంగా చెబుతాను. నానక్‌రామ్‌గూడలో వారానికి ఐదు రోజులు పనిచేసే వాళ్ళకు చెప్పను.

మియాపూర్ వైపు ఇంకో దారి ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకు అది తట్టదు. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట స్టేషన్ల నుంచి ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు హైటెక్ సిటీ స్టేషనుకు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. టికెట్టు కూడా తక్కువే. రైలుకూ రైలుకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి టైము చూసుకుని బయల్దేరాలి. అది అలవాటు చేసుకోగలిగితే చందానగర్ ఇల్లు చవకలో దొరికిన మేలు.

కొండాపూర్ సంగతి వేరు. ఆఫీసుకు దగ్గర, అంతే సూటిగా. 2023 జనవరి ఒకటిన కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచాక గచ్చిబౌలి వైపు రాకపోకలు కొంత తేలికయ్యాయి. కాని మెట్రో లేదు. ఆఫీసు దగ్గరున్న ఒక్క మనిషికి తప్ప, సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగమో అబిడ్స్‌లో పనో ఉన్న రెండో మనిషికి కొండాపూర్ రోజూ ఓ పరీక్ష.

ఈ రెండో మనిషి ఉద్యోగం దగ్గరే నాకు పట్టుదల ఎక్కువ. టీచరుగానో, నర్సుగానో, అకౌంటెంటుగానో విజయవాడలో పనిచేసిన ఆవిడకు పని ఊరంతా ఎక్కడైనా దొరకొచ్చు. మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళే దూరంలో ఇల్లుంటే ఆవిడకు ఊరు మొత్తం అందుతుంది. నాలుగు కిలోమీటర్లు ఆటోలో పోతే తప్ప మెట్రో దొరకని చోట ఇల్లు తీసుకుంటే, ఆ వీధి చివరి బడిలో తక్కువ జీతానికి ఒప్పుకోవాల్సి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. నగరంలో మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ అది వర్తిస్తుంది. అయితే తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. అద్దె అగ్రిమెంటు చేతికి రాగానే ఆధార్లో అడ్రసు మార్పించండి.

అద్దె తక్కువంటే ఎంత తక్కువ?

మూడింటిలో అద్దె ఎక్కువ కొండాపూర్‌లో, మధ్యస్థం మియాపూర్‌లో, తక్కువ నాగోలు, ఉప్పల్ వైపు. ఈ తేడాను గంటల్లోకి మార్చి చూడటం నాకు అలవాటు. నెలకు 12 వేలు మిగులుతాయి, దానికి బదులు ఆఫీసుకెళ్ళిన ప్రతి రోజూ రెండు గంటలు ఎక్కువ ప్రయాణం అనుకోండి. నెలకు 22 రోజులు వెళ్ళాలంటే 44 గంటలు, గంటకు సుమారు 270 రూపాయలు మిగిలినట్టు. వారానికి మూడు రోజులే వెళ్తే నెలకు 26 గంటలు, గంటకు 460 రూపాయలు. మూడు రోజుల ఆఫీసున్న వాళ్ళు దూరంగా ఉండి డబ్బు మిగుల్చుకోవడం తెలివైన పని. ఐదు రోజులున్న వాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో రెండేళ్ళ బిడ్డ ఉన్నవాళ్ళు, ఆ గంటలు అమ్ముకోకండి. బిడ్డ నిద్రపోయాక ఇల్లు చేరడం మొదలైతే ఆ 12 వేలూ గుర్తుకు రావు.

అడ్వాన్సు హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అద్దె. అపార్ట్‌మెంట్లో మెయింటెనెన్సు వేరు. ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షనైతే అది ఉండదు కాని ఇంటాయన కిందే ఉంటాడు. ఆయన మంచివాడైతే అంత నిశ్చింత ఇంకెక్కడా లేదు.

నీళ్ళు, వరద

అద్దె కన్నా ముందు అడగాల్సింది నీళ్ళ గురించి. "మంజీరా వస్తుందా, బోరేనా?" అని వాచ్‌మన్‌ను అడగండి, ఓనర్‌ను కాదు. మంజీరా అంటే ఇక్కడ కుళాయిలో వచ్చే నగర నీళ్ళు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు కూడా ఎండాకాలంలో ట్యాంకర్లే దిక్కు. ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి వస్తుంది. జనవరిలో ఇల్లు చూస్తే ఈ విషయం బయటపడదు. కిందటి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు బిల్లు చూపించమనండి.

వానాకాలం కష్టం తూర్పున ఎక్కువ. 2020 అక్టోబరు వానలకు నాగోలు, సరూర్‌నగర్, మీర్‌పేట వైపు చెరువుల కింద ఉన్న కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. పడమటి వైపు ఈ బెడద లేదనుకోకండి, నిజాంపేటలో భండారీ లేఅవుట్ 2016 సెప్టెంబరులో మునిగింది. ఏ వైపైనా సరే, చెరువుకు దిగువన, నాలా (వాన నీళ్ళు పోయే కాలువ) పక్కన గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టతన్ని "ఇక్కడ నీళ్ళు ఎంతదాకా వస్తాయి?" అని అడిగితే గోడ మీద గుర్తు చూపించి మరీ చెబుతాడు.

ఊరి నుంచి వచ్చేవాళ్ళు, వండుకునేవాళ్ళు

అమ్మానాన్నలు తరచూ వచ్చిపోయే ఇల్లైతే ఇది కూడా తూచండి. విజయవాడ రోడ్డులో వచ్చే బస్సు ముందు ఎల్బీ నగర్ చేరుతుంది. అక్కడ దిగితే నాగోలు పక్కనే. మియాపూర్ పోవాలంటే ఇంకో గంట పైనే పడుతుంది, మెట్రోలోనైతే ఎర్ర లైను ఈ చివర నుంచి ఆ చివరకు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమయ్యాక రైలు ప్రయాణానికీ తూర్పు వైపు కొంత కలిసొచ్చింది. మియాపూర్ వాళ్ళకు లింగంపల్లి దాకా వచ్చే రైళ్ళున్నాయి.

మనుషుల విషయంలో మాత్రం కూకట్‌పల్లి, మియాపూర్ కొత్తగా వచ్చిన ఆంధ్రా కుటుంబాన్ని తొందరగా కలుపుకుంటాయి. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు ఎక్కువ. రైతు బజారు, వీధికో కర్రీ పాయింటు, ఊరి బస్సులు ఎక్కే చోట్లు, అన్నీ అక్కడే. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు పక్కింటి పలకరింపు మందు లాంటిది. కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో పార్కు బాగుంటుంది, పిల్లలకు ఆట బాగుంటుంది, పెద్దవాళ్ళకు మాట దొరకడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి కోసం నిమ్స్‌కు పోయే వాళ్ళుంటే మియాపూర్ నుంచి పంజాగుట్టకు ఒకే మెట్రో, నాగోలు నుంచైతే అమీర్‌పేటలో మారాలి.

పిల్ల తొమ్మిదిలోకి వస్తుంటే

ఈ ఒక్క విషయం మిగతా లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. తెలంగాణలో మెడికల్ సీట్లకు లోకల్ అభ్యర్థి అవ్వాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్ళూ వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. 2024లో తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొందరు ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, ప్రైవేటు ఉద్యోగులు వాటిమీద ఆశ పెట్టుకోకూడదు. పిల్ల ఎనిమిదిలో ఉంటే జూన్‌లోపు మారండి, తొమ్మిది ఇక్కడే మొదలుపెట్టించండి. పదిలోనో ఇంటర్లోనో ఉండి, డాక్టరు కావాలని ఆశపడుతుంటే, ఉద్యోగం వచ్చినవాళ్ళు ముందు వచ్చి హాస్టల్లో ఉండండి. ఇంటర్ అయ్యాక కుటుంబం రావచ్చు. రెండు చోట్ల కాపురం కష్టమే, నాకు తెలుసు. ఏళ్ళ తరబడి చదివిన పిల్ల ఒక అడ్రసు మార్పు వల్ల సీటు పోగొట్టుకోవడం అంతకంటే కష్టం. మారేముందు ఆ ఏడాది నిబంధనలు ఒకసారి చదవండి.

నేనైతే ఎవరికి ఏది చెబుతానంటే

ఇద్దరికీ పడమటి వైపే ఆఫీసు, చంటిబిడ్డ ఉంటే కొండాపూర్, అద్దె ఎక్కువైనా సరే. ఒకరికే ఉద్యోగం, ఇంట్లో పెద్దవాళ్ళు, బడి పిల్లలు ఉంటే మియాపూర్ నుంచి చందానగర్ దాకా ఎక్కడైనా, ఎంఎంటీఎస్ స్టేషనుకు నడవగలిగే దూరంలో. పోచారం, ఉప్పల్ వైపు ఉద్యోగమైనా, భార్యాభర్తల ఆఫీసులు ఊరికి రెండు దిక్కుల్లో ఉన్నా, నాగోలు లేదా ఉప్పల్, మెట్రో పక్కన, మెరక మీద. పెళ్ళికాని కుర్రాళ్ళు మాత్రం మాదాపూర్ హాస్టల్లో కొన్నాళ్ళు ఉండి ఊరు తెలుసుకున్నాక తేల్చుకోవచ్చు.

ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్ళకండి. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి ఆఫీసు దాకా వెళ్ళండి, సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి తిరిగి రండి. వీలైతే ఆ రోజు మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్ళి, మధ్యాహ్నం ఆవిడ చేయాలనుకుంటున్న ఉద్యోగం వైపు ఒకసారి వెళ్ళి రండి. టూలెట్ బోర్డు కింద ఉన్న నంబరుకు ఫోన్ చేయడం ఆ తరవాత.