అద్దె ఇంటికి అసెంబుల్డ్ ఆర్వో: కొనొచ్చా?

హైదరాబాద్‌లో బోరు నీళ్ళే దిక్కయిన అపార్ట్‌మెంట్లో అద్దెకుండేవాళ్ళకు, లోకల్ షాపుల్లో బిగించి ఇచ్చే అసెంబుల్డ్ ఆర్వో (నీళ్ళు శుద్ధిచేసే మిషన్) మంచి బేరమే. పేరున్న కంపెనీ మిషన్ కన్నా బాగా చవక. అంతకన్నా పెద్ద లాభం, లోపలి సామానంతా బజార్లో దొరికేదే కావడం. పంపు, మెంబ్రేన్ (ఉప్పును ఆపే పొర), అడాప్టర్, వాల్వు, ఏది పోయినా, మీరు కూకట్‌పల్లి నుంచి ఉప్పల్‌కు మారినా, అక్కడి మెకానిక్ దగ్గర అదే సామాను ఉంటుంది. కొన్ని కంపెనీ మిషన్లలో ఫిల్టర్లు వాళ్ళవే వెయ్యాలి, వాళ్ళ మనిషి కోసమే ఆగాలి.

కొనేముందు రెండు మూడు వందలు పెట్టి, నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతుందో చూపించే టీడీఎస్ మీటర్ తెచ్చుకోండి. ఓనర్ "మంజీరా నీళ్ళే" (నగర సరఫరా నీళ్ళు) అన్నా సరే, చూడాల్సింది వంటింటి కుళాయి. చాలా చోట్ల మంజీరా, బోరు, ట్యాంకర్ అన్నీ ఒకే సంప్‌లో కలుస్తాయి. అందుకే పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది. ఎండాకాలం మరీను. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు పర్వాలేదంటుంది. ఎప్పుడు చూసినా 300 లోపే ఉంటే ఆర్వో దండగ, క్రిముల్ని చంపే యూవీ మిషన్ చాలు. మీటర్ ఉప్పునే చూపిస్తుంది, క్రిముల్ని కాదు. అంకె తక్కువ వచ్చిందని నేరుగా తాగెయ్యకండి.

షాపువాళ్ళు డబ్బా మీద ఎన్ని స్టిక్కర్లు అంటించినా, చూడాల్సింది మెంబ్రేన్. సీలు మీ ఎదుటే విప్పమనండి. 80 జీపీడీ (రోజుకు 80 గ్యాలన్లు) అంటే లెక్కకు గంటకు 12 లీటర్లు, చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. బయట పది అంగుళాల బౌల్, అందులో మట్టిని పట్టే స్పన్ ఫిల్టర్ తప్పనిసరిగా పెట్టించండి. అది మట్టి పట్టి గోధుమరంగు తిరగ్గానే మార్చేస్తే లోపలి ఖరీదైన సామాను బతుకుతుంది.

ఇక టీడీఎస్ కంట్రోలర్. ఇది మెంబ్రేన్ దాటని నీళ్ళను మంచినీళ్ళలో కలిపే చిన్న స్క్రూ, అంతే. బోరు నీళ్ళకు దీన్ని పూర్తిగా మూసెయ్యడమే మేలు. మూశాక, లోపలికి 800 వెళ్తే బయటికి 80 దరిదాపుల్లో రావాలి. అది 200 దాటితే మెంబ్రేన్ పోయినట్టు. మెకానిక్ "మెంబ్రేన్ మార్చాలి" అన్నప్పుడు ముందు ఈ రెండు అంకెలు చూపించమని అడగండి. నీళ్ళు సన్నగా రావడం ఒక్కటే కారణంగా చెబితే ఒప్పుకోకండి, చాలాసార్లు స్పన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది.

మిషన్ ఆపినా వేస్ట్ పైపు (ఉప్పు నీళ్ళు బయటికి పోయేది) కారుతూనే ఉంటే, నీళ్ళను ఆపే సోలినాయిడ్ వాల్వు పట్టేసినట్టు. ట్యాంకు నిండినా పంపు ఆగకపోతే ఫ్లోట్ స్విచ్. మిషన్ నడుస్తున్నా వేస్ట్ అసలు రాకపోతే వెంటనే ఆపెయ్యండి: వేస్ట్ నీళ్ళను అదుపుచేసే ఫ్లో రిస్ట్రిక్టర్ మూసుకుపోయి ఉప్పంతా మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది.

పై అంతస్తు వాళ్ళకు ఇంకో తిప్పలు. ఓవర్‌హెడ్ ట్యాంకు ప్రతి మీటరు ఎత్తుకు, చదరపు సెంటీమీటరుకు కిలోలో పదో వంతు ప్రెషరే వస్తుంది. కుళాయికన్నా ట్యాంకు రెండు మూడు మీటర్లే ఎత్తులో ఉంటే పంపుకు నీళ్ళు సరిగా అందక మిషన్ ఆగి ఆగి నడుస్తుంది. షాపులో ఈ సంగతి ముందే చెప్పండి.

12 లీటర్ల ట్యాంకు నిండితే మిషన్ చాలా బరువు. గోడకు డ్రిల్ వెయ్యాలంటే ఓనర్‌ను అడగండి, లేదా వంటగట్టు మీదే పెట్టండి. అక్కడ పెట్టినా పనిచేస్తుంది.

లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు వేస్టు పోతాయి. 800 నీళ్ళయితే ఆ వేస్టు 1000 దాటుతుంది. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కి వాడండి, తులసి కుండీలో పొయ్యకండి.

ఇల్లు మారేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయించండి, మెంబ్రేన్ మాత్రం ఆరనివ్వకండి. కుళాయి దగ్గర మిషన్ కోసం బిగించిన వాల్వు మీ సొంతమే, విప్పి తీసుకెళ్ళండి. కుళాయిని టెఫ్లాన్ టేపు చుట్టి మళ్ళీ బిగిస్తే అడ్వాన్స్‌లో కోత పడదు. కొత్తింట్లో బిగించాక మొదటి ట్యాంకు నీళ్ళు పారబోసి, ఆ ఇంటి కుళాయి నీళ్ళకు మళ్ళీ మీటర్ పెట్టి చూడండి. అక్కడ 250 వస్తే కంట్రోలర్ స్క్రూ కొంచెం తెరవొచ్చు, కాకపోతే మిషన్‌లో యూవీ ల్యాంపు ఉంటేనే.