ఐసీటీసీ నుంచి ఏఆర్‌టీ కేంద్రం దాకా: ఒక ప్రభుత్వ ఆసుపత్రి సేవపై సమీక్ష

హెచ్‌ఐవీ మందులు మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా అందుతున్నాయి. సీడీ4 (రక్తంలోని రోగనిరోధక కణాల) సంఖ్య పడిపోయేదాకా ఆగకుండా, నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టాలన్న విధానం 2017లో వచ్చింది. కాబట్టి పాజిటివ్ అని విన్న మనిషి ఆ మందిచ్చే గది వరకు చేరతాడా, ఆసుపత్రి గేటు దాటి ఇంటిముఖం పడతాడా అన్నదాన్ని బట్టే ఈ సేవ మంచిచెడ్డలు ఎంచాలి. మా దగ్గరి బంధువుకు తోడుగా ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా ఆసుపత్రికి వెళ్లి చూసిన విషయాలను ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మూడు వేర్వేరు కిట్లతో రక్తాన్ని పరీక్షించి నిర్ధారించుకున్నాకే ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సెలర్ ఆయన్ను లోపలికి పిలిచారు. ఫలితం చెప్పి, చీటీ చేతిలో పెట్టి పంపేస్తారనుకున్నాను. ఆమె మాత్రం "రండన్నా, నేనూ వస్తాను" అంటూ కుర్చీలోంచి లేచి, వెనక బ్లాకులో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి తానే తీసుకెళ్లారు. వరండా మలుపులో మావాడు ఆగిపోతే ఆమె కూడా ఆగి, ఇంట్లో ఎవరెవరున్నారో మెల్లగా అడిగి, భార్యకు కూడా పరీక్ష చేయించాల్సిన అవసరాన్ని అక్కడే చెప్పారు. నా దృష్టిలో ఈ సేవ మొత్తానికీ ప్రాణం ఆ నాలుగు అడుగులే.

ఏఆర్‌టీ కేంద్రంలో బరువు చూసి, దగ్గు, జ్వరం, రాత్రిపూట చెమటలు ఉన్నాయేమో అడిగి, క్షయ లక్షణాలేవీ లేవని తేల్చుకున్నాక చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్ రాశారు. ఇచ్చింది టీఎల్‌డీ, అంటే డొలుటెగ్రావిర్ సహా మూడు మందులు కలిసిన మాత్ర, రోజుకు ఒక్కటి. ఫార్మసిస్టు గ్యాస్ మాత్రలు, ఐరన్, క్యాల్షియం వాడుతున్నారా అని గుచ్చిగుచ్చి అడగడం నాకు నచ్చింది. వాటిని కలిపి వేసుకుంటే డొలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. మళ్లీ రావాల్సిన తేదీని పుస్తకంలో రాసి, రాకపోతే ఏ నంబరుకు, ఏ వేళప్పుడు ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదో కూడా ముందే అడిగి తెలుసుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. సీడీ4 రక్తనమూనా ఉదయంపూటే తీసుకుంటారట. మధ్యాహ్నం చేరిన మాకు మరోసారి రమ్మన్నారు. కూలి పోగొట్టుకుని వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. అంతకన్నా బాధ కలిగించినది, వరండాలో జనం నిండి ఉండగా పేర్లు పెట్టి గట్టిగా పిలవడం. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం గోప్యతకు హామీ ఇస్తున్నప్పుడు, టోకెన్ నంబరుతో పిలవడానికి అదనంగా అయ్యే ఖర్చేమిటో నాకు అర్థం కాలేదు.

ఆర్నెల్లకు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఉంటుందనీ, ఆరోగ్యం కుదుటపడ్డాక ఇంటికి దగ్గరలోని లింక్ ఏఆర్‌టీ కేంద్రానికి మార్చుకోవచ్చనీ చెప్పారు. వెళ్లదలచినవారు పొద్దున్నే, ఆధార్, ఫొటోలతో వెళ్తే తిరుగుడు తగ్గుతుంది. దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో 1097కు ఉచితంగా ఫోన్ చేసి కనుక్కోవచ్చు.