ల్యాండింగ్ లైటు: హాలోజెనా, ఎల్‌ఈడీనా?

గుంటూరులో సొంతంగా చిన్న విమానం కట్టుకుంటున్న మిత్రుడు రెక్కల పని దగ్గర ఆగిపోయాడు. దిగేటప్పుడు ముందు దారి కనబడేలా వేసే ల్యాండింగ్ లైటు ఏది పెట్టాలి?

ఖర్చు: హెచ్3 హాలోజెన్ బల్బు చవక. కార్లకు వాడేదే కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది. విమానాల కోసం చేసిన ఎల్‌ఈడీ ధర దానికి ఎన్నో రెట్లు.

కరెంటు: అసలు విషయం ఇక్కడే ఉంది. 55 వాట్ల హాలోజెన్లు రెండు పెడితే 110 వాట్లు. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజన్‌లోని జనరేటరు మంచి వేగంలో ఇచ్చేదే సుమారు 250 వాట్లు. దిగేటప్పుడు థ్రాటిల్, అంటే ఇంజను వేగం, తగ్గిస్తాం; ఆ 250 వాట్లూ పడిపోతాయి. సరిగ్గా అప్పుడే లైటు కావాలి! ఆ లోటు బ్యాటరీ మోయాలి. ఎల్‌ఈడీతో ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది.

మన్నిక: విమానాల్లో వాడే పాత తరహా 4509 సీల్డ్ బల్బు (అద్దం, బల్బు ఒకే ముక్కగా ఉండేది) ఆయుష్షు 25 గంటలే. ఇంజను అదురుకు లోపలి సన్నని తీగ, ఫిలమెంటు, తెగుతుంది; హాలోజెన్‌లోనూ ఉండేది ఫిలమెంటే. ఎల్‌ఈడీలో ఫిలమెంటే లేదు.

వేడి: హాలోజెన్ వేడికి ప్లాస్టిక్ మూత మెత్తబడొచ్చు. ఎల్‌ఈడీకి వెనకవైపు గాలి తగలాలి.

రేడియో: ఎల్‌ఈడీతో నా భయం ఇదొక్కటే. ఎల్‌ఈడీకి కరెంటు సర్దే డ్రైవరు సర్క్యూట్ నాసిరకమైతే, పైలట్లు మాట్లాడే 118-137 మెగాహెర్ట్జ్ రేడియోలో గరగర రావొచ్చు, కంట్రోల్ టవరు మాట వినబడకపోవచ్చు. బిగించే ముందే లైటు వేసి, రేడియో పెట్టి వినాలి. హాలోజెన్‌కు ఈ గొడవ లేదు.

పగలే, అప్పుడప్పుడు ఎగిరేవాళ్లకు హాలోజెన్ చాలు. చలికాలం పొద్దుటి మసకలో ఇతరులకు కనబడేలా లైటు వేసే ఉంచాలనుకుంటే, లేదా జనరేటరు చిన్నదైతే, ఎల్‌ఈడీ. మిత్రుడికి అదే చెప్పాను.