పెద్ద సంఖ్య ప్రధానమా కాదా: భాగించి చూడాలా, మిల్లర్-రాబిన్ వాడాలా?

147573952589676412927. ఇది 2⁶⁷ − 1, మొత్తం 21 అంకెలు. దీన్నే రెండు పద్ధతుల్లో పరీక్షిద్దాం: ఒకటి చిన్న సంఖ్యలతో వరుసగా భాగించి చూడటం, రెండోది మిల్లర్-రాబిన్, అంటే కారణాంకాలు వెతకకుండానే ప్రధానమా కాదా అని చెప్పే పరీక్ష.

శ్రమ
భాగహారం: బడిలో నేర్చుకున్నదే.
మిల్లర్-రాబిన్: ఘాతాలు, శేషాల లెక్క కాస్త తెలియాలి.

సమయం
భాగహారం: దీని అతి చిన్న కారణాంకం 19,37,07,721. అక్కడిదాకా భాగిస్తూనే పోవాలి. ఒకవేళ ప్రధాన సంఖ్యే అయ్యుంటే వర్గమూలం దాకా, అంటే 1,200 కోట్లు దాటి వెళ్లాల్సి వచ్చేది.
మిల్లర్-రాబిన్: కంప్యూటర్‌లో రెప్పపాటు పని.

రిస్క్
భాగహారం: సున్నా.
మిల్లర్-రాబిన్: "ప్రధానం కాదు" అంటే అది ఖాయం. "ప్రధానమే" అంటే మాత్రం వెంటనే నమ్మకూడదు. ఈ సంఖ్యనే 2 ఆధారంగా (అంటే లెక్కకు 2ను ఎంచుకుని) పరీక్షిస్తే దర్జాగా నెగ్గేస్తుంది! 3 పెట్టగానే దొరికిపోతుంది. అందుకే ఒక్క ఆధారంతో ఆపకండి. 23 అంకెలు మించని సంఖ్యలకు 2 నుంచి 37 వరకు ఉన్న 12 ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే చాలు, ఇక టెన్షన్ లేదు.

చేతికి దక్కేది
భాగహారం కారణాంకాన్ని ఇస్తుంది, మిల్లర్-రాబిన్ ఇవ్వదు. ఈ తేడా చిన్నది కాదు. 1876లో గణితవేత్త లూకాస్ వేరే పరీక్షతో ఈ సంఖ్య ప్రధానం కాదని తేల్చినా, కారణాంకాలు దొరికింది 1903లో, మరో గణితవేత్త కోల్‌కి: 193707721 × 761838257287.

పన్నెండు అంకెల లోపైతే, లేదా కారణాంకమే కావాలంటే భాగహారం. ఆర్ఎస్ఏ (సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి) తాళాల్లాంటి వందల అంకెల పనికి మిల్లర్-రాబిన్. అయితే ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో ఓసారి భాగించి చూస్తే చాలావరకు అక్కడే రాలిపోతాయి.