నెయ్యి గిన్నె దగ్గర మార్కులు తగ్గిన వనభోజనం

ముప్పై ఏళ్లు ఆర్టీసీ కండక్టరుగా "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉండాది" అని అరిచిన నోరు నాది. అదే నోటితో కరోనా కాలంలో, 2020 డిసెంబర్ 13న, కార్తీకం ఆఖరి ఆదివారం, చంద్రగిరి దగ్గర మా బావమరిది మామిడి తోపులో "ఎడంగా కూచోండి, ఇంకా ఎడంగా" అని అరిచినాను. నాలుగిళ్ల వాళ్లం, పద్నాలుగు మందిమి. ఏటా ఒకే వ్యానులో ఇరుక్కుని పోయేవాళ్లం. ఈసారి ఎవరి బండ్లు వాళ్లవే, ఎవరి నీళ్ల సీసాలు వాళ్లవే.

వంట తిరుపతిలో ఒక కేటరింగ్ ఆయనకు అప్పజెప్పినాం. మనిషికి 160 రూపాయలు. పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి మరి.

వనభోజనంలో నాకు భయమంతా వడ్డనతోనే. గరిటె పట్టినాయన ప్రతి విస్తరి మీదికీ వంగి, మాట్లాడుతా, బతిమాలుతా పోతాడు. తినేవాళ్లకు మాస్కుండదు. అందుకే వడ్డన వద్దన్నాను. ఆయన ఇంటికొక సంచి కట్టి, పైన ఎంతమందో స్కెచ్ పెన్నుతో రాసి పంపినాడు. లోపల మనిషికొక డబ్బా. టికెట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టినా, ఒక్కటీ తగ్గలేదు. పదకొండుకు పొయ్యి దిగింది పన్నెండున్నరకల్లా తినేసినాం.

పులిహోరలో పులుపు సరిగ్గా కుదిరింది, చెనిగ్గింజలు కరకరలాడినాయి. అలసంద వడలు బాగున్నాయి. ఊరిబిండి పచ్చడి రోట్లో నూరిందే, నాలుక చెప్తుంది. సంకటి మాత్రం చల్లారి రాయి అయింది. సంకటి డబ్బాలో పెట్టే వస్తువా? పొయ్యి పక్కన కూచుని తినాల.

ఇంత జాగ్రత్త చేసిన మనిషి నెయ్యి ఒకే గిన్నెలో, ఒకే చెంచాతో పంపినాడు! ఫోన్ చేస్తే "నెయ్యికేమవుతుంది సార్" అంటాడు. నెయ్యికి ఏమీ కాదయ్యా, చెంచా పట్టే పద్నాలుగు చేతులకు కదా! మా చెల్లెలు సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, ఎవరూ రాకముందే పద్నాలుగు దొన్నెల్లో పోసిపెట్టింది. తెచ్చిన పిల్లోడి మాస్కు గడ్డం కింద వేలాడుతా ఉంటే, సంచులు గేటు దగ్గరే దించమన్నాను.

దూరం కొలవడానికి నా నాలుగు గజాల పంచె పనికొచ్చింది. సగానికి మడిస్తే ఆరడుగులు. తోపులో ఉసిరి చెట్టు ఒక్కటే, దాని కింద అందరం ఎడంగా పట్టం. బావమరిది చాపకొక ఉసిరి రెమ్మ తెచ్చి పెట్టినాడు, పుణ్యం అందరికీ సమానంగా. దీపం పెట్టబోతా మా కోడలు చేతులకు శానిటైజర్ రుద్దుకుంటే గట్టిగానే కేకలేసినాను. అది స్పిరిట్టు, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది. మోటారు దగ్గర సబ్బుబిళ్ల పెట్టింది అందుకే.

మా అత్తకు డెబ్బై ఆరేళ్లు, ఆమె చాప అందరికన్నా దూరంగా వేసినాం. "ఏం నాయనా, నన్ను వెనక సీట్లో కూచోబెట్టినావే" అనింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆర్డరిచ్చేవాళ్లు నెయ్యి, మజ్జిగ, ఊరగాయ ఇంటింటికీ విడిగా కావాలని ముందే రాయించండి. సంకటి వద్దనండి, దాని బదులు ఇంకో రెండు వడలు అడగండి.