మంత్రాలయంలో లాడ్జి దెబ్బ, బిచ్చాలిలో జొన్నరొట్టె

మంత్రాలయం వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. కుదిరితే గురువారం వెళ్లకండి. గురువారమే వెళ్లాలనుకుంటే మాత్రం మఠం వాళ్ల గది ఖాయమయ్యాకే బస్సు టికెట్లు కొనండి. మాకు ఆన్‌లైన్‌లో గదులు దొరకలేదు. రాయరి, అంటే రాఘవేంద్రస్వామి, దర్శనం గురువారమే కావాలని మా అత్తయ్య పట్టు. ఇక తెలిసినవాళ్లు చెప్పిన ఒక ప్రైవేటు లాడ్జికి ఫోన్ చేసి, ఏసీ గది 1,400కి మాట్లాడుకుని, 500 అడ్వాన్సు ఫోన్‌పేలో పంపించాం.

హైదరాబాద్ నుంచి రాయచూరు మీదుగా రాత్రి బస్సు. ఇబ్బందేమీ లేదు, పొద్దున ఆరింటికల్లా దిగిపోయాం.

లాడ్జి కౌంటర్లో కుర్రాడు రిజిస్టరు ముందుకు తోసి "2,200 మేడమ్" అన్నాడు. ఫోన్లో 1,400 అన్నారు కదా అంటే, "అది మామూలు రోజుల రేటు, ఇవాళ గురువారం" అని జవాబు. గురువారానికని చెప్పే కదా బుక్ చేసింది! ఏసీ రిమోట్ ఇవ్వాలంటే ఇంకో 400 అట. వద్దు పొమ్మంటే అడ్వాన్సు తిరిగిరాదు. మా ఆయన గొంతు పెంచారు గానీ, అత్తయ్య అప్పటికే అక్కడి బెంచీ మీద కూలబడి మోకాళ్లు ఒత్తుకుంటున్నారు. ఆవిణ్ణి చూశాక ఇంక బేరం ఎక్కడ ఆడతాం, కట్టేశాం.

గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది, దాని తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ ఉంది. బాత్రూంలో గీజరు ఉంది, దాని స్విచ్చికి నల్ల టేపు చుట్టి ఉంది. వేడినీళ్లు కావాలంటే బకెట్ 40 రూపాయలు.

ఆ బకెట్ల కోసం కూర్చున్నప్పుడే అత్తయ్య మావాడికి రాఘవేంద్రస్వామి కథ మొదలుపెట్టారు. స్వామి సన్యాసం తీసుకోకముందు వేంకటనాథుడు. భార్య సరస్వతి, ఒక కొడుకు, ఇంట్లో కటిక దరిద్రం. ఎవరింట్లోనో భోజనానికి వెళ్తే, ఊరికే పెట్టడం దేనికని ఆయనతో గంధం తీయించారట. ఆయన అగ్నిసూక్తం చదువుకుంటూ సాన మీద అరగదీశారు. ఆ గంధం పూసుకున్న బ్రాహ్మలందరికీ ఒళ్లు భగ్గుమంది. వాళ్లు లబోదిబోమంటే వరుణసూక్తం చదివి చల్లార్చారు. కథంతా చెప్పి అత్తయ్య తాపీగా, "ఆ అగ్నిసూక్తం ఈ గీజరు దగ్గర చదివితే బాగుండు" అన్నారు. అప్పటిదాకా మూతి ముడుచుకున్న మా ఆయన నవ్వింది అప్పుడే.

దర్శనానికి ముందు మంచాలమ్మను చూడాలి. ఇక్కడ గ్రామదేవత ఆవిడే. మంచాలె అనే ఈ ఊరిని ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ దగ్గర స్వామి అడిగి తీసుకున్నారని చెబుతారు. ఆ తర్వాత బృందావనం, అంటే స్వామి సమాధి, దగ్గర క్యూ. మగవాళ్లు చొక్కా విప్పాలి. మావాడు టీషర్టు చంకలో పెట్టుకుని, ఎవరైనా ఫొటో తీస్తారేమోనని క్యూ పొడవునా గోడవైపే తిరిగి నిలబడ్డాడు. రెండు గంటలు నిలబడితే లోపల దొరికింది అర నిమిషం. పక్కనే వాదీంద్రతీర్థుల బృందావనం ఉంది. మొదట రాఘవేంద్రస్వామి కోసం చెక్కించిన బృందావనం అదేనని, స్వామి మాత్రం మాధవరం రాయి కావాలన్నారని ఐతిహ్యం. తోపులాటలో దానివైపు చూసేవాళ్లే లేరు, మీరైనా ఆగి చూడండి. మఠం అన్నప్రసాదం మాత్రం ఉచితం, వేడివేడిగా, అడిగినంత వడ్డించారు. పరిమళ ప్రసాదం పొట్లాలు నాలుగు ఎక్కువే తెచ్చుకోండి, ఇంటికి చేరేలోపు సగం అయిపోతాయి.

సాయంత్రం ఆరింటికి గది తలుపు టకటకా కొట్టారు. "టైమ్ అయిపోయింది, ఇంకో రోజుకి కట్టాలి" అన్నాడు అదే కుర్రాడు. వాళ్ల లెక్కలో రోజంటే పన్నెండు గంటలట! ఎక్కడా బోర్డు లేదు, ఫోన్లో చెప్పలేదు. ఈసారి నేనే దిగాను గొడవకి. చివరికి 1,000కి ఒప్పుకున్నాడు. నాలుగు బకెట్లతో కలిపి ఆ గదికి మాకైన ఖర్చు అక్షరాలా 3,760. బంగారు రథం ఊరేగింపు చూస్తున్నంతసేపూ మా ఆయన ఫోన్లో లెక్కలు వేస్తూనే ఉన్నారు.

మర్నాడు ఆటో మాట్లాడుకున్నాం. పంచముఖికి వెళ్లిరావడానికి 800, బిచ్చాలి కూడా కలిపితే 1,200. "అక్కడేముంది సార్, చిన్న ఊరు" అని డ్రైవరే వద్దన్నాడు. ఆయన మాట వినకండి. పంచముఖి ఆంజనేయుడి దగ్గర స్వామి పన్నెండేళ్లు తపస్సు చేశారంటారు. బండలు చూడ్డానికి బాగున్నాయి, జనం కూడా కిక్కిరిసే ఉన్నారు.

బిచ్చాలి తుంగభద్ర ఒడ్డున, రాయచూరు జిల్లాలో ఉంది. స్వామి శిష్యుడు అప్పణాచార్యుల ఊరు. స్వామి ఆయన ఇంట్లో ఉన్నారు, నది ఒడ్డున జపం చేసుకున్నారు. ఆ జపకట్టె, అంటే జపం చేసిన అరుగు, దగ్గర ఏకశిలా బృందావనం ఉంది. మేం వెళ్లేసరికి మేం కాక ఇంకో కుటుంబమే ఉంది. తోసేవాళ్లు లేరు, కదలండి కదలండి అనేవాళ్లు లేరు. అప్పణాచార్యుల ఇంట్లో స్వామికి చట్నీ నూరిన రోలు చూపిస్తారు. అత్తయ్య దాని పక్కన చతికిలబడి చాలాసేపు లేవలేదు. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు.

1671 శ్రావణ బహుళ విదియనాడు స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసినప్పుడు ఈ అప్పణాచార్యుడు దగ్గర లేడు. కబురు విని, పొంగుతున్న తుంగభద్రలోకి దూకి, స్తోత్రం చెప్పుకుంటూ ఈదుకొచ్చాడట. బృందావనం ముందుకొచ్చేసరికి గొంతు పూడుకుపోయి చివరి పాదం ఆగిపోతే, లోపలినుంచే "సాక్షీ హయాస్యోఽత్ర హి" (దీనికి హయగ్రీవుడే సాక్షి) అని వినిపించిందని నమ్మకం. మావాడు నదివైపు చూసి "ఇందులో ఈదడమెందుకు, నడిచే వెళ్లొచ్చు కదా" అన్నాడు. ఎండాకాలం, బండల మధ్య మోకాలి లోతు నీళ్లు. 2009 అక్టోబరులో ఇదే నది మంత్రాలయం మఠాన్ని ముంచేసిందని డ్రైవరు చెప్పాక నోరు మూశాడు.

"ఇంతకీ ఆయన ఏం రాశారు నాన్నా?" అనీ వాడే అడిగాడు. జయతీర్థుల న్యాయసుధకు రాసిన వ్యాఖ్య పరిమళం, బ్రహ్మసూత్రాల మీద తంత్రదీపిక, మీమాంసలో భాట్టసంగ్రహం. 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నాక మఠం బాధ్యత, సంచారం, పాఠాలు, వాటి మధ్యే ఈ రాతంతా. మా ఆయన ఇవన్నీ గడగడా చెప్పేస్తుంటే నేనూ ఆశ్చర్యపోయాను. క్యూలో ఉన్నంతసేపూ ఈ మనిషి లాడ్జి గురించి తప్ప నోరు విప్పలేదు మరి!

వచ్చేదారిలో ఒకామె రొట్టెలు కాలుస్తుంటే ఆగాం. రెండు జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, పల్లీల పొడి, పెరుగు కలిపి 50 రూపాయలు. బయట తినని అత్తయ్య కోసం ఉల్లి, వెల్లుల్లి పడని పప్పు విడిగా వేడిచేసి ఇచ్చింది. దానికి డబ్బులిస్తే తీసుకోలేదు, "పెద్దావిడ కదక్కా" అంది.

ఈసారి వెళ్తే గది రాయచూరులో తీసుకుంటాం. పొద్దున బయల్దేరితే గంటన్నరలోపు మంత్రాలయం చేరొచ్చు. ఆటోవాడితో బిచ్చాలి మాట ముందే తేల్చుకోండి, ఎక్కాక అడిగితే 1,200 కాస్తా 1,500 అవుతుంది.