క్వార్టర్ లెక్క తెలియని కోర్సు

మా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ మద్యపానంపై ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయాలి. లేకపోతే తరువాతి సెమిస్టరు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. అమెరికాకు ఎమ్మెస్ కోసం వచ్చిన నేను, చుక్క ముట్టని వాడికి ఇదెందుకని విసుక్కుంటూనే మొదలుపెట్టాను.

కోర్సు నీతులు చెప్పదు, కొలతతో మొదలవుతుంది. ఒక డ్రింకు అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్: 5 శాతం బీరైతే సుమారు 355 మిల్లీలీటర్లు, 40 శాతం విస్కీ అయితే 44. దాదాపు రెండు గంటల్లో పురుషులు ఐదు, స్త్రీలు నాలుగు తాగితే రక్తంలో ఆల్కహాల్ సాధారణంగా 0.08 శాతానికి చేరుతుంది, దాన్నే ప్రమాదకరమైన సిట్టింగ్‌గా లెక్కిస్తారు.

అయితే మన కుర్రాళ్లు ఈ కొలతల్లో ఆలోచించరు. 42.8 శాతం ఉండే మన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో, నేను వేసిన లెక్క ప్రకారం, సుమారు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే నాలుగు డ్రింకులకు పైనే. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు దాదాపు మూడు డ్రింకులు. "ఒక్క క్వార్టరేగా" అనే మాట వెనుక ఎంత ఉందో చెప్పే చిన్న పట్టిక కూడా ఈ కోర్సులో లేదు. దృశ్యాలన్నీ పద్దెనిమిదేళ్ల అమెరికన్ పిల్లల పార్టీలే; వారాంతంలో బిర్యానీతో పాటు సీసా తెరిచే మన అపార్ట్‌మెంట్లు ఎక్కడా కనిపించవు.

అత్యవసర పరిస్థితుల అధ్యాయం మాత్రం నిజంగా విలువైనది. ఎంత పిలిచినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, చర్మం చల్లబడి జిగటగా మారడం కనిపిస్తే ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, సహాయం వచ్చేదాకా దగ్గరే ఉండాలని స్పష్టంగా చూపించారు. మజ్జిగ తాగించి, చన్నీళ్లు పోసి పడుకోబెడితే దిగిపోతుందనుకునే మనకు, స్పృహ తప్పిన తరువాత కూడా కడుపులోని మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుందన్న సంగతి తెలియడం అవసరం.

ప్రశ్నలకు సరైన జవాబు వచ్చేదాకా ఎన్నిసార్లైనా నొక్కవచ్చు కనుక నా రూమ్మేట్ పప్పుకు పోపు పెడుతూనే పూర్తి చేశాడు. ఈ కోవలోనే బాగా పేరున్న ఆల్కహాల్ఎడు అనే కోర్సుపై 30 విశ్వవిద్యాలయాల్లో జరిగి 2011లో ప్రచురితమైన పరిశోధనలో, మొదటి సెమిస్టరులో తాగుడు తగ్గినా తరువాతి వసంత సెమిస్టరుకు ఆ తేడా నిలవలేదు. ఒక్కసారి చూపించి వదిలేసే పద్ధతికి అంతకన్నా ఆశించలేం. ఈ కోర్సుకు నేనిచ్చే మార్కులు ఐదుకు మూడు, ఆ మూడులో రెండు అత్యవసర అధ్యాయానివే.